పొట్టి శ్రీరాములు చేసిన మిగతా దీక్షలు

పొట్టి శ్రీరాములు అనగానే మనకి గుర్తొచ్చేవి రెండే. 58 రోజుల నిరాహారదీక్ష, ఆంధ్ర రాష్ట్రం. స్కూల్లో రెండు మార్కుల ప్రశ్నకి అంతకన్నా అక్కర్లేదు మరి! ఆయన మనలాగే ఇంజనీరన్న సంగతి నా ఆఫీసు మిత్రుల్లో చాలామందికి తెలీదు. బొంబాయి విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శానిటరీ ఇంజనీరింగ్ చదివి గ్రేట్ ఇండియన్ పెనిన్సులర్ రైల్వేలో ఉద్యోగం చేశారు. భార్యా బిడ్డా పోయాక ఆ ఉద్యోగం వదిలేసి 1930లో సబర్మతి ఆశ్రమంలో చేరారు. ఉప్పు సత్యాగ్రహం, జైళ్ళు... అవి ఆ రోజుల్లో చాలామంది చేసినవే.

నాకు ఆసక్తి కలిగించేది నెల్లూరు రోజుల శ్రీరాములు. హరిజనుల్ని గుళ్ళలోకి రానివ్వాలి, వాళ్ళతో కలిసి తినాలి అని అట్టల మీద రాసి ఒంటికి తగిలించుకుని, చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా ఎండలో వీధులు తిరిగేవారు. నెల్లూరు ఎండ సంగతి అక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. చూసినవాళ్ళు పిచ్చోడన్నారు. 1946 మార్చిలో మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనుల్ని రానివ్వాలని నిరాహారదీక్ష పట్టారు. గుడి తలుపులు తెరిచారు. అదే ఏడాది చివర్లో మద్రాసు రాష్ట్రంలో గుళ్ళన్నీ తెరవాలని మళ్ళీ కూర్చుంటే గాంధీ చెప్పి మాన్పించాల్సి వచ్చింది. మర్నాటి ఏడాది, 1947లో, మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది.

ఈయన దీక్ష వల్లే చట్టం వచ్చిందని నేననను. దాని వెనక 1924 వైకోం సత్యాగ్రహం ఉంది, 1936 తిరువాన్కూరు ప్రకటన ఉంది, 1939 మదురై మీనాక్షి గుడి ప్రవేశం ఉంది. పేర్లు తెలియని ఎంతమంది తన్నులు తింటేనో ఆ మాత్రం చట్టమైనా వచ్చింది. అసలు గుడి ప్రవేశమే అంత ముఖ్యం కాదు, చదువూ ఉద్యోగాలూ కావాలి అని అంబేద్కర్ 1933లోనే తేల్చి చెప్పారు. నాకూ ఆయన మాటే సబబనిపిస్తుంది. కానీ తన తోటి వైశ్యులూ, ఊరి పెద్దలూ ఏమనుకుంటారో తెలిసి కూడా, తనకేమీ రానిదాని కోసం అన్నం మానేసిన మనిషిని తీసిపారేయలేం.

ఇక 1952. అంతకు ముందు ఏడాది ఆంధ్ర రాష్ట్రం కోసం స్వామి సీతారాం 35 రోజులు నిరాహారదీక్ష చేసి, వినోబా మాట మీద విరమించారు. ఇదీ అలాగే ముగుస్తుందని ఢిల్లీ అనుకుందేమో అని నా ఊహ. అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట్లో దీక్ష మొదలైంది. డిసెంబరు మొదట్లో కూడా నెహ్రూ రాజాజీకి రాసిన ఉత్తరంలో ఈ దీక్షకి తను చలించడం లేదని, పట్టించుకోనని రాశారు. డిసెంబరు 15 రాత్రి శ్రీరాములు పోయారు. ఊళ్ళు భగ్గుమన్నాయి, పోలీసు కాల్పుల్లో ఇంకొందరు చనిపోయారు. డిసెంబరు 19న ఆంధ్ర రాష్ట్రం ఇస్తున్నామని నెహ్రూ ప్రకటించారు. 58 రోజుల్లో కదలనిది నాలుగు రోజుల్లో కదిలింది. ఆ నాలుగు రోజుల్లో కొత్తగా ఏ వాదనా పుట్టలేదు. మద్రాసు మాత్రం రాలేదు, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం ఏర్పడింది.

ఇక్కడే మన పాఠ్యపుస్తకాలు ఆగిపోతాయి. 1953 సెప్టెంబరులో ఆంధ్ర రాష్ట్రం బిల్లు మీద రాజ్యసభలో అంబేద్కర్ మాట్లాడారు. ఒప్పుకున్న సూత్రాన్ని అమలు చేయించడానికి ఒక మనిషి చావాల్సి వచ్చిందా అని ప్రభుత్వాన్ని కడిగేశారు. ఆ వెంటనే ఇంకో ప్రశ్న వేశారు: భూములూ పదవులూ ఒకటి రెండు కులాల చేతుల్లో ఉండే ఈ కొత్త రాష్ట్రంలో షెడ్యూల్డు కులాలకి రక్షణ ఏది? అంటే, ఎవరికోసమైతే శ్రీరాములు 1946లో పస్తులున్నారో వాళ్ళ గురించే! రాష్ట్రం కోసం ఏడ్చినవాళ్ళలో ఆ ప్రశ్న పట్టించుకున్నవాళ్ళు తక్కువ. నా ఉద్దేశంలో కారణం సులువే. రాష్ట్రం కావాలంటే ఢిల్లీ నుంచి పుచ్చుకోవాలి. నెల్లూరు వీధుల్లో ఆయన అడిగింది మాత్రం మనం ఇవ్వాల్సింది. విగ్రహాలు ఊరూరా పెట్టాం, 2008లో నెల్లూరు జిల్లాకి ఆయన పేరూ పెట్టాం. మెడలో అట్ట ఉన్న విగ్రహం నేనెక్కడా చూడలేదు.

ఆ ప్రశ్నకి జవాబు 1985 జులై 17న కారంచేడులో దొరికింది. ఆరుగురు మాదిగల్ని చంపేశారు. బతికినవాళ్ళు చీరాలకి వచ్చి శిబిరం వేసి కూర్చున్నారు, దళిత మహాసభ పుట్టింది. 1989లో దేశం మొత్తానికీ వచ్చిన అత్యాచారాల నిరోధక చట్టం వెనక ఆ శిబిరం కూడా ఉంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. ఆ తర్వాత జరిగిన నిరసనలో ఒక యువకుడు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. విచారణ మా ఊళ్ళోనే జరగాలని చుండూరు దళితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టుని ఊరికే రప్పించుకున్నారు. 2004లో విచారణ మొదలైంది, 2007లో శిక్షలు పడ్డాయి. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది.