ఐదు దినముల సీసా

వాగులోని నీరు మంచిదా, చెడ్డదా అని తెలిసికొనుటకు మానవుడు వేల సంవత్సరములు కన్నును, ముక్కును, నాలుకను నమ్ముకొనెను. నీరు తేటగా ఉండి, దుర్వాసన లేక, రుచిగా ఉన్నచో అది మంచినీరే. ఊళ్లు చిన్నవిగా, నదులు పెద్దవిగా ఉన్నంతకాలము ఈ పరీక్ష చాలినది. కాని పందొమ్మిదవ శతాబ్దములో నగరములు పెరిగి, లక్షల జనుల మలినములు, కర్మాగారముల వ్యర్థములు నదులలో కలియసాగినప్పుడు కొత్త ప్రశ్న ఒకటి పుట్టెను. ఒక నది ఎంత మురుగును భరింపగలదు? “ఎంత” అను ప్రశ్నకు ముక్కు సమాధానము చెప్పలేదు. దానికి కొలత కావలెను. ఆ కొలత ఎట్లు ఏర్పడినదో, అందు ఏ దేశపు పరిస్థితులు ఇమిడి యున్నవో తెలిసికొన్నగాని, నేడు మన వాగుల నీటిని పరీక్షించిన అంకెల అర్థము మనకు తెలియదు.

ఈ చరిత్ర లండను నగరములో మొదలగుచున్నది. 1855 జూలై 7వ తేదీన సుప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు మైకేల్ ఫారడే థేమ్స్ నదిపై పొగపడవలో ప్రయాణము చేయుచు, నీటి రంగును చూచి ఆశ్చర్యపడెను. ఆయన తెల్లని అట్టముక్కలను తడిపి, పడవ ఆగిన రేవులవద్ద నీటిలో వేసెను. ఎండ బాగుగా కాయుచున్నను, ఆ ముక్కలు అంగుళము లోతునకు దిగకముందే కంటికి కానరాక పోయెను. ఈ సంగతిని ఆయన టైమ్స్ పత్రికకు లేఖగా వ్రాసెను. తెల్లని కాగితపు ముక్క, అది కనబడిన లోతు: నీటి మాలిన్యమునకు ఇంత సులభమైన సూచిక మరియొకటి లేదు.

హెచ్చరిక చేసినను పని జరుగుటకు మూడేండ్లు పట్టెను. 1858 వేసవిలో నది కంపు భరింపరానిదై, పార్లమెంటు భవనపు తెరలను సున్నపు క్లోరైడు ద్రావణములో తడిపి వ్రేలాడదీయవలసి వచ్చెను. ఆ సంవత్సరము ఆగస్టులో శాసనము వెలువడెను. జోసెఫ్ బాజల్జెట్ అను ఇంజనీరు నిర్మించిన పెద్ద మురుగు కాలువలు నగరపు మురుగును దిగువకు, తూర్పు దిక్కునకు కొనిపోయెను. మురుగు కంటికి దూరమయ్యెనే కాని తొలగిపోలేదు.

మురుగు కలిసిన నది ఎందువలన చెడును? నీటిలో కొంత ఆమ్లజని, అనగా ఆక్సిజన్, కరగియుండును. చేపలకు, ఇతర జలచరములకు అదే ఊపిరి. మురుగులోని సేంద్రియ పదార్థములను సూక్ష్మజీవులు ఆహారముగా గ్రహించి, ఈ ఆమ్లజనిని ఖర్చుచేయును. గాలినుండి కొత్త ఆమ్లజని వచ్చి చేరుటకంటె ఖర్చు అధికమైనచో చేపలు ఊపిరాడక చచ్చును. ఆమ్లజని పూర్తిగా అంతరించినప్పుడు దుర్గంధ వాయువులు పుట్టును. కావున దుర్వాసన రోగమునకు ఆరంభము కాదు, చివరి దశ. అంతకు ముందే ప్రమాదమును పసిగట్టవలెనన్న ఆమ్లజనిని కొలువవలెను.

ఆ మార్గమును 1888లో హంగరీ దేశీయుడైన లాయోష్ వింక్లర్ చూపెను. సీసాలోని నీటికి మాంగనీసు లవణమును, క్షారముతో కూడిన అయొడైడును చేర్చినచో, నీటిలోని ఆమ్లజని మాంగనీసుతో కలిసి గోధుమరంగు అవక్షేపము ఏర్పడును. ఆమ్లజని లేనిచో అవక్షేపము తెల్లగానే ఉండును. తరువాత ఆమ్లమును కలిపినప్పుడు, ఆమ్లజనికి సరిపడు అయొడిన్ విడుదలయగును. దానిని గంజి సూచికతో, థయోసల్ఫేటు ద్రావణముతో కొలుతురు. నేటికిని కళాశాల ప్రయోగశాలలలో విద్యార్థులు చేయు పరీక్ష ఇదియే.

బ్రిటనులో 1898లో మురుగు విషయమై ఒక రాజ కమిషను నియమింపబడెను. 1912లో వెలువడిన దాని ఎనిమిదవ నివేదిక నీటి పరీక్షల చరిత్రలో ఒక మైలురాయి. ఆ పరీక్షాపద్ధతి ఇట్టిది. నీటి ఆమ్లజనిని ముందుగా కొలిచి, అదే నీటిని మూసిన సీసాలో ఐదు దినములు 65 డిగ్రీల ఫారన్‌హీట్, అనగా సుమారు 18.3 డిగ్రీల సెల్సియస్, ఉష్ణోగ్రతలో ఉంచి మరల కొలువవలెను. తగ్గిన ఆమ్లజనియే ఆ నీటిలోని మురుగునకు కొలబద్ద. దీనినే నేడు బి.ఓ.డి. అందురు.

కమిషను లెక్క విద్యార్థులు సులభముగా గ్రహింపదగినది. నదిలో బి.ఓ.డి. లీటరుకు 4 మిల్లీగ్రాములకు మించరాదు. నిర్మలమైన నదిలో అది 2 ఉండునని అనుకొందము. శుద్ధిచేసిన మురుగు ఒక పాలు, నది నీరు ఎనిమిది పాళ్లు కలిసినచో, మురుగులో ఎంత ఉండవచ్చును? 20 ఉండవచ్చును. ఏలననగా, 20కి ఎనిమిది రెండ్ల 16 కలిపిన 36. దానిని 9 పాళ్లకు పంచిన 4. ఇట్లు ఏర్పడిన 20 అను అంకె ఎన్నో దేశములకు ప్రాకెను.

ఇక ఐదు దినములే ఏల? బ్రిటిషు దీవులలో నదులు పొట్టివి. నీరు ఐదు దినములలోపున సముద్రమును చేరునని సామాన్యముగా చెప్పబడు కారణము. ఉష్ణోగ్రత కూడ అచటి వేసవికి తగినదే. అనగా ఈ సీసాలో ఒక దేశపు నదుల పొడవు, వాతావరణము ఇమిడియున్నవి. సముద్రమును చేరుటకు వారములు పట్టు గోదావరికి, కృష్ణకు ఆ లెక్క పొసగదు.

ఉష్ణోగ్రత విషయము ఇంకను ముఖ్యము. నీరు వేడెక్కిన కొలది ఆమ్లజనిని తక్కువగా ఇముడ్చుకొనును. 0 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీటిలో గరిష్ఠముగా 14.6 మిల్లీగ్రాములు, 20 డిగ్రీల వద్ద సుమారు 9.1, 30 డిగ్రీల వద్ద సుమారు 7.6 మిల్లీగ్రాములు మాత్రమే కరగును. సూక్ష్మజీవులు మాత్రము వేడిలో మరింత చురుకుగా పనిచేయును. రాబడి తగ్గి, ఖర్చు పెరిగిన సంసారము వంటిదే వేసవి వాగు. అందుచేత భారతీయ ప్రమాణములలో ఐదు దినములు, 20 డిగ్రీలకు బదులు మూడు దినములు, 27 డిగ్రీల పద్ధతి స్వీకరింపబడినది. స్నానయోగ్యమైన నీటికి 2000లో ప్రకటింపబడిన ప్రమాణములు ఈ పద్ధతిని అనుసరించినవే. వాటి ప్రకారము బి.ఓ.డి. లీటరుకు 3 మిల్లీగ్రాములు మించరాదు. ఆమ్లజని 5కి తగ్గరాదు.

కాని ఎనిమిది పాళ్ల నది నీరు ఎక్కడనుండి వచ్చును? వర్షములు ఆగిన పిదప మన వాగులు అనేకము ఎండిపోవును. వేసవిలో హైదరాబాదు దిగువ మూసీలో పారునది అధికభాగము నగరపు మురుగునీరే. కలుపుటకు నది నీరు లేనిచోట, శుద్ధిచేసిన నీరే నది కావలసియుండును. అట్టిచోట 20 అను అంకె అభయము నీయదు.

సీసాకు మరియొక లోపము కలదు. విషలోహములు కలిసిన నీటిలో సూక్ష్మజీవులే చచ్చును, ఆమ్లజని ఖర్చుకాదు, బి.ఓ.డి. తక్కువగా కనబడును. పరీక్ష మంచిదని చెప్పిన నీరు విషము కావచ్చును. అదియునుగాక, రాత్రి వదలిన వ్యర్థము తెల్లవారునప్పటికి కొట్టుకొనిపోయినచో, పగలు ముంచిన సీసాకు ఆ సంగతి తెలియదు.

ఆ సంగతి తెలిసినవి వాగు అడుగున నివసించు ప్రాణులు. జర్మనీలో కోల్క్‌విట్స్, మార్సన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు 1908, 1909 సంవత్సరములలో, ఏ మొక్కలు, ఏ జంతువులు ఎంత మురుగులో జీవించునో పట్టికలుగా ప్రకటించిరి. 1964లో ఇంగ్లండులోని ట్రెంట్ నదీ మండలికి చెందిన వుడివిస్ ఈ భావమునే సున్న మొదలు పది వరకు గల మార్కులుగా మార్చెను. రాళ్ల క్రింద నుండు స్టోన్‌ఫ్లై, మేఫ్లై కీటకముల పిల్లలు మురుగు సోకగానే ముందుగా మాయమగును. బురదలోని సన్నని ఎర్రపురుగులు చివరివరకు మిగులును. ఈ ప్రాణులు వారముల తరబడి ఆ నీటిలోనే ఉండును గనుక, రాత్రి జరిగిన దానికి అవి సాక్షులు.

ఐనను ఈ పట్టికకు కూడ పుట్టినచోటు కలదు. స్టోన్‌ఫ్లైలు ముఖ్యముగా చల్లగా, వడిగా పారు నీటి ప్రాణులు. మైదానపు వెచ్చని వాగులో అవి లేనంత మాత్రమున ఆ నీరు మలినమని తీర్మానింపరాదు. ఊరికి ఎగువను, దిగువను ఒకే రకపు రాళ్లను ఎత్తిచూచి, ఎగువనున్న ఏ ప్రాణులు దిగువ లేవో లెక్కించుట సరియైన పద్ధతి. దీనికి ఒక తెల్లని పళ్లెము, ఒక వల, కొంత ఓర్పు చాలును. పాఠశాల విద్యార్థులు కూడ ఈ పనిని చేయగలరు. ఫారడే కాగితపు ముక్క నీటి రంగును చూపెను. వింక్లర్ సీసా నీటి ఊపిరిని కొలిచెను. రాతి క్రింది పురుగు నీటి గతమును చెప్పుచున్నది. మూడింటిని కలిపి చదివినవారికే వాగు సంగతి పూర్తిగా తెలియును.