ఆరు వోల్టుల నుంచి పన్నెండుకి

గోదావరి కాలువలకి నీళ్లు వదిలారంటే డెల్టాలో ట్రాక్టరుకి రాత్రీ పగలూ తేడా ఉండదు. సార్వా దమ్ములు ఊరందరికీ ఒక్కసారే ముంచుకొస్తాయి. కేజ్‌వీల్స్ తగిలించుకున్న బండి ఒక చేను ముగించి గట్టు దాటి పక్క చేలో దిగుతుంది. చీకటి పడితే హెడ్‌లైట్ల వెలుగులోనే పని. డ్రైవరు మీట నొక్కగానే సెల్ఫ్ అందుకోవడం, లైటు వెలగడం ఇప్పుడు మామూలు సంగతి. పన్నెండు వోల్టుల బ్యాటరీ ట్రాక్టరు ఎక్కేదాకా మాత్రం ఇది మామూలు సంగతి కాదు.

తొలి ట్రాక్టర్లకి అసలు బ్యాటరీయే లేదు. 1917లో వచ్చిన ఫోర్డ్‌సన్‌లో ఇంజనుతోపాటు తిరిగే మాగ్నెటోయే నిప్పురవ్వ పుట్టించేది. ఇంజనుని కదిలించాల్సింది మాత్రం మనిషే. ముందు వైపు హ్యాండిల్ దూర్చి తిప్పాలి. ఇంజను ఎదురుతన్నితే మణికట్టు విరిగేది.

ఆ హ్యాండిల్‌ని మాన్పించే ఉపాయం కార్లలో ముందు దొరికింది. 1912 కాడిలాక్ కారుకి చార్లెస్ కెటరింగ్ కరెంటు స్టార్టరు అమర్చాడు. ఇంజను తిప్పేటప్పుడు బ్యాటరీ సెల్స్ అన్నీ కలిసి 24 వోల్టులు ఇచ్చేవి. లైట్లకి, ఛార్జింగ్‌కి అవే సెల్స్ 6 వోల్టుల మీద పనిచేసేవి. ఇంత తిరకాసు తర్వాతి వాళ్లకి నచ్చలేదు. అన్నిటికీ ఆరే చాలనుకున్నారు. లెడ్ యాసిడ్ సెల్ ఒక్కోటి సుమారు రెండు వోల్టులు ఇస్తుంది కాబట్టి మూడు సెల్స్‌తో పని జరిగిపోయేది. 1939లో వచ్చిన ఫోర్డ్ 9ఎన్, 1947 నుంచి 1952 దాకా తయారైన 8ఎన్ ఈ ఆరు వోల్టుల బళ్లే. వాటిలో బ్యాటరీ ప్లస్సే బాడీకి ఎర్తు. పెట్రోలు ఇంజను, కంప్రెషన్ తక్కువ. ఆ రెండూ కలిసొచ్చినంత కాలం ఆరు సరిపోయింది.

సరిపోని రోజు డీజిల్‌తో వచ్చింది. పెట్రోలు ట్రాక్టరు గాలిని ఆరేడు రెట్లు నొక్కితే, డీజిల్ ఇంజను పదహారు రెట్లు, ఆపైన నొక్కాలి. అది తిప్పాలంటే సెల్ఫ్‌కి బలం కావాలి. ఇక్కడ లెక్క చూడండి. సెల్ఫ్ 1200 వాట్లు లాగుతుందనుకుందాం. ఆరు వోల్టుల మీద అది 200 ఆంపియర్లు. కేబుళ్లలో, బిగింపుల్లో కలిపి 0.005 ఓమ్‌ల అడ్డు ఉంటే ఒక వోల్టు అక్కడే పోతుంది, అంటే ఆరో వంతు. అదే పని పన్నెండు మీద చేస్తే 100 ఆంపియర్లు చాలు, పోయేది అర వోల్టు, ఇరవై నాలుగో వంతు. నష్టం నాలుగో వంతుకి పడిపోయింది.

ఈ లెక్క మరే చోటికన్నా మన డెల్టాకి ఎక్కువ వర్తిస్తుందని నా నమ్మకం. దమ్ము చేసే బండి మోకాలి లోతు బురదలో తిరుగుతుంది. బురదనీళ్లు చిమ్మి ఎర్తు బోల్టు తుప్పు పడుతుంది, బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా చిలుము పూస్తుంది. కంటికి చిన్నగా కనపడే ఆ పూత ఆరు వోల్టుల బండిని చేలోనే కట్టేస్తుంది. పన్నెండు వోల్టుల బండి దాన్ని కొంత ఓర్చుకుంటుంది.

1952 నాటి ఫోర్డ్‌సన్ మేజర్ డీజిల్ పన్నెండు వోల్టులతో వచ్చింది. అమెరికా కార్లూ 1950ల నడుమ ఆరుని వదిలేశాయి. మన దేశంలో ట్రాక్టర్ల తయారీ ఆ మార్పు తర్వాతే మొదలైంది. ఐషర్ ఫరీదాబాద్‌లో తొలి ట్రాక్టరుని బయటికి తెచ్చింది 1959 ఏప్రిల్ 24న. మద్రాసులో టాఫె 1960లో, మహీంద్రా వారి ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ 1963లో పుట్టాయి. వాళ్లవన్నీ డీజిల్ బళ్లు, పన్నెండు వోల్టుల బళ్లు. అందుకే మన పల్లెల్లో ఆరు వోల్టుల గుర్తు ట్రాక్టరుది కాదు, రాజ్‌దూత్‌ది, పాత బుల్లెట్‌ది, చేతక్‌ది. బండి నెమ్మదించగానే మసకబారే ఆ హెడ్‌లైటు ఆ తరం వాళ్లందరికీ తెలుసు.

అమెరికాలో మాత్రం పాత 8ఎన్‌ని పన్నెండుకి మార్చుకునే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బ్యాటరీ మార్చేస్తే అయిపోదు. బల్బులన్నీ మార్చాలి; ఆరు వోల్టుల బల్బు పన్నెండు మీద క్షణంలో మాడిపోతుంది. ఇగ్నిషన్ కాయిల్ మార్చాలి, లేదా దానికి ముందు రెసిస్టర్ పెట్టాలి. సెల్ఫ్ మోటారు ఒక్కటే ఉన్నది ఉన్నట్టు ఉండొచ్చు. దాని ఫీల్డు, ఆర్మేచరు వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి ఎర్తుని మైనస్‌కి తిప్పినందువల్ల ప్లస్సు మైనస్సు తారుమారైనా రెండూ కలిసే మారతాయి. మోటారు అదే వైపు తిరుగుతుంది. కాకపోతే రెట్టింపు వోల్టుకి అది జోరుగా తిరుగుతుంది, ఎక్కువసేపు నొక్కి పట్టుకుంటే మాడుతుంది.

మన ట్రాక్టర్లలో జరిగిన అసలు మార్పు వేరే. వోల్టులు అవే పన్నెండు; డైనమో పోయి ఆల్టర్నేటర్ వచ్చింది. ఇంజను నెమ్మదిగా తిరిగితే డైనమో ఛార్జింగ్ ఇవ్వదు, పైగా కటౌటు, బ్రష్షులు చూసుకుంటూ ఉండాలి. సిలికాన్ డయోడ్లు వచ్చాక 1960లో క్రిస్లర్ వాలియంట్ కారు ఆల్టర్నేటర్‌ని మామూలు వాడకంలోకి తెచ్చింది. తక్కువ వేగంలోనూ అది ఛార్జి చేస్తుంది. పాత ట్రాక్టరుకి దాన్ని తగిలించాలంటే బ్రాకెట్, బెల్టు, వైరింగ్ కొత్తగా చేసుకోవాలి. పాత బండిది ప్లస్ ఎర్తు అయితే ముందు దాన్ని మైనస్‌కి తిప్పాలి. లేకపోతే తగిలించిన మరుక్షణం డయోడ్లు కాలిపోతాయి.

డయోడ్లు వచ్చాక వర్క్‌షాపులో ఒక కొత్త జాగ్రత్త కూడా మొదలైంది. దమ్ముల సీజనులో కేజ్‌వీల్ విరగడం, వెల్డింగ్ చేయించడం తప్పదు. బండికి తగిలించి ఉన్న చోటే వెల్డింగ్ పెట్టేటట్టయితే, ముందు బ్యాటరీ టెర్మినల్, ఆల్టర్నేటర్ వైర్లు ఊడదీయాలి. లేకపోతే వెల్డింగ్ కరెంటుకి డయోడ్లు పోవచ్చు. డైనమో రోజుల్లో ఈ భయం లేదు.