ఐదో జమాత్ దాకానే

మన రాజ్యాంగంలో 350-ఎ అనే అధికరణం ఒకటుంది. మొదట్లో లేదు. 1956లో ఏడో సవరణతో చేర్చారు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పేందుకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని అది చెబుతుంది. 'ప్రాథమిక దశలో' అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అంటే ఐదో తరగతి దాకా. మరి ఆరో తరగతి? దాని గురించి ఆ అధికరణం నోరు విప్పదు. ఉర్దూ ఇంటి నుంచి వచ్చిన పిల్ల పదేళ్ళ వయసులో, చేతిలో టీసీ పట్టుకుని, ఆ మౌనం ముందు నిలబడుతుంది.

ముస్లింలు చదువుకోరని, పిల్లల్ని బడి మాన్పిస్తారని, దీనికంతటికీ మతమే కారణమని తేల్చేసే పెద్దమనుషులకి మన దగ్గర కొదవ లేదు. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ ముస్లిం పిల్లల్లో 25 శాతం అసలు బడి మొహం చూడనివాళ్ళో, మధ్యలో మానేసినవాళ్ళో అని అది చెప్పింది. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాలకి వెళ్ళేవాళ్ళు 3 శాతమేనని కూడా అదే నివేదిక చెప్పింది. మొదటి అంకెని అందరూ వల్లించారు. రెండో అంకెని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. మదర్సాలే మింగేయకపోతే ఈ పిల్లలంతా ఏ గడప దగ్గర ఆగిపోతున్నట్టు? ఆ గడపల్లో ఒకటి ఐదో తరగతి. దాని చరిత్ర కాస్త తవ్వుకోవాలి.

ఈ గడప కొత్తదేం కాదు. ఒకప్పుడు దాని ముందు నిలబడ్డ పిల్లలు వేరు. హైదరాబాద్ రాజ్యంలో చిన్న తరగతులు తెలుగులోనో మరాఠీలోనో కన్నడంలోనో సాగేవి. పై తరగతులకి వెళ్ళాలంటే మాత్రం ఉర్దూ. 1917లో ఉస్మానియా యూనివర్సిటీకి ఫర్మానా వచ్చింది. ఆ ఏడే పుస్తకాలు తర్జుమా చేయడానికి దారుల్ తర్జుమా పెట్టారు. లెక్కలు, వైద్యం, న్యాయశాస్త్రం అన్నిటికీ ఉర్దూ పదాలు కూర్చారు. ఒక భారతీయ భాషలో విశ్వవిద్యాలయం దాకా చదువు చెప్పవచ్చని చూపించిన ఘనత దానిదే, అందులో అనుమానం లేదు. అయితే ఆ ఘనత ఖర్చు ఎవరు భరించారు? రాజ్యంలో సగానికి దగ్గరగా ఉన్న తెలుగువాళ్ళ పిల్లలు. కూడిక, తీసివేత నేర్చుకుని వచ్చిన రైతు కొడుకు పై బడిలో 'జమా', 'తఫ్రీక్' అని మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. తట్టుకున్నవాళ్ళు గొప్పవాళ్ళయ్యారు. సినారె డిగ్రీ దాకా ఉర్దూ మీడియంలోనే చదివాడు. దాశరథి గాలిబ్‌ని తెలుగులోకి తెచ్చాడు. వీళ్ళ పేర్లు చెప్పి ఉర్దూ చదువు అందర్నీ పైకి తెచ్చిందని వాదించే మనవాళ్ళు కొందరున్నారు. తట్టుకోలేక నాలుగో తరగతి దగ్గరే నాగలి పట్టినవాళ్ళ పేర్లు ఎవరు రాశారు? 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ మాతృభాషలో చదువు కావాలని అడిగింది. అడగడం న్యాయమే. ఈ మాట ఒక ముస్లింగా, ఉర్దూవాడిగా చెప్పడానికి నాకు సంకోచం లేదు.

1948 పోలీసు యాక్షన్ తర్వాత పరిస్థితి తిరగబడింది. ఉస్మానియాలో ఉర్దూ బోధన పోయి ఇంగ్లీషు వచ్చింది. 1956 పెద్దమనుషుల ఒప్పందంలో కచేరీల్లో, కోర్టుల్లో ఉర్దూని ఐదేళ్ళు కొనసాగించాలని రాసుకున్నారు. ఆఫీసులో ఐదేళ్ళు, బడిలో ఐదు తరగతులు! ఐదు అంకెకీ ఉర్దూకీ ఏదో లెక్క కుదిరినట్టుంది. నిజాం హయాంలో తెలుగు పిల్లవాడు నిలబడ్డ గడప ముందుకి ఇప్పుడు ఉర్దూ పిల్లవాడు వచ్చాడు. బాకీ తీరిందని లోలోపల సంతోషించినవాళ్ళూ ఉన్నారు. కాని ఆ పిల్లవాడు నిజాం మనవడు కాదు కదా. రిక్షా తొక్కినవాడి కొడుకు, బీడీలు చుట్టిన ఆమె కూతురు. నవాబుల పిల్లలు అప్పుడూ ఇంగ్లీషే చదివారు, ఇప్పుడూ ఇంగ్లీషే.

ప్రాథమిక దశ దగ్గరే గీత గీయాలని ఎందుకు అనుకున్నారు? 1882 నాటి హంటర్ కమిషన్ ముస్లింల విషయంలో, వాళ్ళు వేరే భాష కోరుకునే చోట్ల తప్ప, ప్రాథమిక బడుల్లోనూ మిడిల్ బడుల్లోనూ హిందుస్తానీ ప్రధాన బోధన భాషగా ఉండాలంది. తెల్లవాడి కమిషన్ మిడిల్ దాకా వచ్చింది. 1949 ఆగస్టులో మన రాష్ట్రాల విద్యామంత్రులు కూర్చుని ప్రాథమిక దశకి ఒక లెక్క చెప్పారు: బడి మొత్తంలో 40 మందో, ఒక తరగతిలో 10 మందో ఉంటే ఆ భాష టీచరుని వెయ్యాలి. సెకండరీకి వచ్చేసరికి, ప్రత్యేకంగా బడి పెట్టేంత మంది పిల్లలుంటే పెట్టొచ్చు అన్న ధోరణి. ఏడేళ్ళ తర్వాత రాజ్యాంగంలోకి ఎక్కింది ప్రాథమిక దశ ఒక్కటే.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఒక పట్నంలో ఐదు బస్తీలు, ఐదు ఉర్దూ ప్రాథమిక బడులు అనుకోండి. ఒక్కో బడిలో ఐదో తరగతి పిల్లలు ఎనిమిదో తొమ్మిదో. కలిపితే నలభై మంది, నిక్షేపంగా ఒక ఆరో తరగతి సెక్షను. కాని వాళ్ళని కలిపేదెవరు? జూన్‌లో ఒక్కొక్కరు ఇంటికి దగ్గరున్న హైస్కూలుకి వెళ్తారు. ఏ హైస్కూల్లో చూసినా ఏడెనిమిది మందే. "ఉర్దూ మీడియానికి స్ట్రెంగ్త్ లేదు" అని కాగితం పైకి పోతుంది. పిల్లలు ఉన్నారు, సంఖ్య మాత్రం లేదు. కొన్నాళ్ళకి కింది బడిలోనూ పిల్లలు తగ్గుతారు. పై తరగతి లేని మీడియంలో బిడ్డని ఏ తల్లి వేస్తుంది?

ఆరో తరగతి తెలుగు సెక్షన్లో కూర్చున్న పిల్లవాడి సంగతి నాకు తెలుసు. 1990ల మొదట్లో నేను అలా కూర్చున్నవాణ్ణే. లెక్కలు రాక కాదు, లెక్కల పేర్లు రాక ఇబ్బంది. ముసల్లస్ త్రిభుజమైంది. దాయిరా వృత్తమైంది. కసర్ భిన్నమైంది. రక్బా కట్టడం వచ్చు, కాని 'వైశాల్యం కనుగొనుము' అంటే ఏం కనుక్కోవాలో తెలియదు. సైన్సులో జియాయీ తాలీఫ్ పోయి కిరణజన్య సంయోగక్రియ వచ్చింది. (ఈ రెండు మాటల్లో ఏది సులువో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అరబ్బీ గంప దించి సంస్కృతం గంప ఎత్తుకోవడమే.) విచిత్రమేమంటే అదే బడిలో సారు పొద్దున్నే తీసేది 'హాజరు', బోర్డు మీద రాసేది 'తారీఖు', మా అబ్బా కిరాణా కొట్టు తెలుగు సేటు పుస్తకంలో ఉండేది 'జమా ఖర్చు'. ఊరంతా నా మాటల్లోనే లెక్క రాసుకుంటోంది, నా పాఠ్యపుస్తకం తప్ప. ఒక సారు "మీవోడు మొద్దు కాదు భాయ్, భాష తక్కువ" అని మా అబ్బాతో అన్నాడు. ఆ ఒక్క మాట చెప్పేవాడు లేక మొద్దు ముద్ర పడి వెళ్ళిపోయిన పిల్లలు మా బస్తీలో నాకు తెలిసి నలుగురు.

ఆడపిల్లల సంగతి ఇంకో రకం. 2009 విద్యాహక్కు చట్టం కింద 2010లో కేంద్రం చేసిన నియమాల ప్రకారం ఐదో తరగతి దాకా బడి కిలోమీటరు లోపు ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది దాకా మూడు కిలోమీటర్లు. కాగితం మీద రెండు కిలోమీటర్ల తేడా. బస్తీలో ఆ తేడా అంటే రెండు పెద్ద రోడ్లు, ఒక బస్టాండు, ఒక వైన్ షాపు. అక్కడికి పోతే ఉర్దూ టీచరు లేదు, మరుగుదొడ్డికి తాళం. అప్పుడు అమ్మీ "చాల్లే బేటీ" అంటుంది. బయటివాళ్ళకి కనిపించేది మాత్రం బురఖా.

అందరు ముస్లింల భాషా ఉర్దూ కాదు, ఇదీ చెప్పుకోవాలి. కోస్తాలో ఎన్నో ఇళ్ళలో, దూదేకుల ఇళ్ళలో తెలుగే పుట్టు భాష. వాళ్ళకి ఐదో తరగతి దగ్గర ఈ భాషాగండం లేదు. కాని ఉర్దూ రాదని ఇటు మనవాళ్ళు, తురకోడివైనా తెలుగు బాగా మాట్లాడతావే అని అటువాళ్ళు. 350-ఎ భాషకి సంబంధించింది, మతానికి కాదు. ఈ తేడా మన నాయకులే వేదికల మీద చెరిపేస్తుంటారు.

ఇప్పుడు గాలి ఇంగ్లీషు వైపు. 2016లో తెలంగాణ ప్రభుత్వం 71 మైనారిటీ గురుకులాలు తెరిచింది. చేరిక ఐదో తరగతి నుంచే, బోధన ఇంగ్లీషులో. పేద ఇళ్ళ ఆడపిల్లలకి హాస్టలు దొరకడం చిన్న విషయం కాదు, దాన్ని తీసిపారేయలేం. 2017లో తెలంగాణ అంతటా, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూ రెండో అధికార భాష అయింది. హైదరాబాదులో 1998 నుంచి మౌలానా ఆజాద్ పేరుతో జాతీయ ఉర్దూ యూనివర్సిటీ ఉంది. కర్నూల్లో డాక్టర్ అబ్దుల్ హక్ పేరుతో ఇంకొకటి. కింద ఐదు తరగతులు, పైన యూనివర్సిటీలు, మధ్యలో మెట్లు చాలా చోట్ల ఊడిపోయి ఉన్నాయి. 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలైన చోటల్లా ఇంటి భాషలో చదువు కనీసం ఐదో తరగతి దాకా అంటుంది. వీలైతే ఎనిమిది దాకానట.

ఉర్దూలోనే చదవాలని నేను ఎవరికీ చెప్పను. తెలుగుకి మారతారా, ఇంగ్లీషుకి మారతారా, అది తల్లిదండ్రుల ఇష్టం. మారే పిల్లకి ఐదో తరగతిలోనే రెండు భాషల లెక్కల మాటలు, సైన్సు మాటలు పక్కపక్కన రాసి ఇవ్వడానికి ఒక నోటుబుక్కు చాలు. మారనంటున్న పిల్ల కోసం ఒక రిజిస్టరు ఉండాలి. ఇది నా ఊహ కాదు. భాషా అల్పసంఖ్యాకుల రక్షణ పథకంలోనే ఉంది: విద్యా సంవత్సరానికి మూడు నెలల ముందు బడిలో రిజిస్టరు తెరిచి, మాతృభాషలో చదవాలనుకునే పిల్లల పేర్లు రాయాలి. ఒక బడిలో సంఖ్య చాలకపోతే పక్క బడులతో సర్దుబాటు చేయాలి. ఐదు బస్తీల నలభై మందిని కలిపే కిటుకు అదే.

మొన్న మార్చిలో మూడు ఉర్దూ ప్రాథమిక బడులకి వెళ్ళి ఆ రిజిస్టరు చూపించమని అడిగాను. రెండు చోట్ల ఆ పేరే వినలేదన్నారు. మూడో బడిలో హెడ్మాస్టరు చాలాసేపు ఆలోచించి, "అట్లాంటి కాగితం ఏదన్నా ఉంటే కాపీ ఇవ్వండి సాబ్, పిల్లల పేర్లు నేను రాస్తా" అన్నాడు. మర్నాడు జిరాక్స్ తీయించి ఇచ్చి వచ్చాను.