పల్లెను చూచి నమ్మిన ఊరు

మన తెలుగు దేశములో సువార్త ఎట్లు వ్యాపించెనని ఎవరైన అడిగినయెడల, సాధారణముగా మనము మిషనెరీల పేర్లు వల్లించుదుము. వారు కట్టిన బడులు, ఆసుపత్రులు, చేసిన తర్జుమాలు చెప్పుదుము. అవి నిజమే. వారికి మనము ఋణస్థులము. అయితే ఈ శతవార్షిక సంచికలో నేను వ్రాయదలచినది వేరొక సంగతి. 1930 తరువాతి సంవత్సరములలో దోర్నకల్ అధ్యక్ష ఖండపు గ్రామములలో భూములున్న రైతు కులములవారు వేల సంఖ్యలో బాప్తిస్మము కోరి వచ్చిరి. వారిని కదలించినది పట్టణపు పండితుడు కాడు. వారి దొడ్లలో పేడ ఎత్తి, వారి పొలములలో నాగలి పట్టిన పాలేర్ల నడవడి.

ఇది ఎవరును ఊహించిన మార్గము కాదు. 1841లో మచిలీపట్నము చేరిన రాబర్టు నోబుల్ దొరగారు, అగ్రకులముల యువకులు మొదట నమ్మినయెడల విశ్వాసము పై నుండి క్రిందికి దిగివచ్చునని తలంచి, 1843లో బడి పెట్టిరి. ఇరువదినాలుగు సంవత్సరములు ఒక్కసారియైనను స్వదేశము చూడక, 1865లో ఇక్కడనే కన్నుమూసిరి. ఆ బడిలో చదివిన మంచాల రత్నము, ఐనాల భూషణము అను ఇద్దరు యువకులు 1852లో బాప్తిస్మము పొందగానే పట్టణము అట్టుడికినది. తలిదండ్రులు పిల్లలను బడి మాన్పించిరి. నోబుల్ గారి త్యాగమును తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. ఆ బడి మనకు గొప్ప నాయకులను ఇచ్చినది. కాని దేవుడు తలుపు తెరచిన చోటు వేరు.

ఆ తలుపు రాఘవాపురము. అక్కడి మాలపల్లెకు చెందిన పగోలు వెంకయ్య గారికి చదువు లేదు. విగ్రహములు వ్యర్థమని ఎవరో చెప్పగా విని, తనకు పేరైనను తెలియని దేవునికి, నీవెవరో నాకు కనుపరచుమని కొన్ని సంవత్సరములు ప్రార్థించెనని పెద్దలు చెప్పుదురు. బెజవాడలో డార్లింగ్ దొరగారి ద్వారా క్రీస్తును గూర్చి విని, 1859లో ఇంటివారితోను తనవారితోను బాప్తిస్మము పొందెను. వేదాంత కళాశాలలో మేము నైసియా, చాల్సెడోను సభల సంవత్సరములు కంఠస్థము చేసితిమి. రాఘవాపురము పేరు ఏ పరీక్షలోను రాలేదు! వెంకయ్య గారు తన్ను పూర్వము ఎరిగినవారి మధ్యనే క్రొత్త బ్రతుకు బ్రతికిరి. పరదేశములో భక్తునిగా కనబడుట సులభము. బాకీలు, తగవులు, పాత మాటలు అన్నియు తెలిసిన ఇరుగుపొరుగు నడుమ అది అంత సులభము కాదు.

1912 డిశంబరు 29న కలకత్తాలో వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ అధ్యక్షులైరి. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు, మన భాష నేర్చుకొని మనవాడైన మనిషి. బాప్తిస్మము పొందినవారి చేతిని వారి తలపైనే పెట్టించి, సువార్త ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమయని పౌలు చెప్పిన భావమును వారిచేత పలికించెడివారు. చదువురాని కూలీ సహితము దీనికి మినహాయింపు కాదు. ప్రతి సంవత్సరము సాక్ష్యపు వారము ఏర్పరచి, సంఘము సంఘమంతయు పొరుగు గ్రామములకు కదలునట్లు చేసిరి.

కూలీ ఏమి ప్రకటించును? ఆసామి ఎదుట నిలువబడి ప్రసంగము చేయగలడా? అతడు త్రాగుడు మానెను. చచ్చిన పశువుల మాంసము మానెను. కళ్లము మీద ధాన్యము దొంగిలుట మానెను. అమ్మవారి జాతరలో డప్పు కొట్టననెను. అందుకు దెబ్బలు తిన్నవారును, పని పోగొట్టుకొన్నవారును కలరు. సాయంకాలము పల్లెలో తిట్లు వినబడుచోట పాట వినబడెను. పిల్లవాడు పలక పట్టెను. ఊరివారికి ఇవన్నియు తెలియును, ఎందుకనగా పాలేరు గుట్టు ఆసామికి తెలిసినట్లు మరెవ్వరికి తెలియదు. 1933లో మెథడిస్టు మిషనెరీ పికెట్ గారు మన దేశపు సామూహిక చేరికలను గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించిరి. ఆయనయు అజరయ్య గారును ఒకే మాట చెప్పిరి: ఊరివారు పల్లెలో వచ్చిన మార్పును చూచి వచ్చుచున్నారు.

ఆ దినములలోనే గాంధీ మహాత్ముడు, గులాబీ పువ్వు బోధించదు, వాసన చాలునను భావమును వెలిబుచ్చి, క్రైస్తవులు నడవడితోనే ఊరకుండవలెనని కోరిరి. అజరయ్య గారు దానికి ఒప్పుకొనలేదు. నా మట్టుకు నాకు అజరయ్య గారి పక్షమే సరియని తోచును. పాలేరును చూచి ఆసామి, నీకు ఈ బుద్ధి ఎక్కడిదిరా అని అడిగినప్పుడు, వాడు యేసు పేరు చెప్పక నోరు మూసుకొనుట మర్యాద కాదు, దాపరికము. పేతురు తన మొదటి పత్రిక మూడవ అధ్యాయములో నడవడిచేత భర్తలను సంపాదించు భార్యలను గూర్చి వ్రాసి, అదే అధ్యాయములో, అడిగినవారికి జవాబు చెప్ప సిద్ధముగా ఉండుడని కూడ వ్రాసెను.

అన్నియు చక్కగా జరిగెనని వ్రాసినయెడల అది చరిత్ర కానేరదు. మాల, మాదిగల మధ్య పాత అడ్డుగోడ చాల సంఘములలో కూలలేదు. బాప్తిస్మము తరువాత మరల సారాకు పోయినవారు కలరు. వచ్చిన రైతులలో కొందరు పల్లెవారితో ఒకే పాత్రనుండి ప్రభురాత్రి భోజనము తీసికొనుటకు వెనుదీసిరి. తనకు విశ్వాసము చూపినవాని ప్రక్కన కూర్చుండుట, విశ్వసించుటకంటె కష్టమాయెను.

నేడు మన బిడ్డలు ఉపాధ్యాయులు, నర్సులు, ఇంజనీర్లు. పాలేరుతనము పోయినందుకు దేవునికి స్తోత్రము. అయినను మనలను చూచు కన్నులు పోలేదు. సంఘపు ఎన్నికలలో మనము మాటలాడుకొను తీరును, ఆస్తుల కొరకు కోర్టు మెట్లెక్కు తీరును కూడ ఊరు చూచుచున్నది.

మన బాప్తిస్మపు రిజిస్టర్లను తిరుగవేసి చూడుడి. పేరు, తలిదండ్రులు, వృత్తి, నివాసము, బాప్తిస్మమిచ్చిన గురువు, అన్నిటికిని గళ్లు కలవు. ఎవరి బ్రతుకు చూచి వచ్చిరో వ్రాయుటకు గడి లేదు. అందుచేతనే గురువుల పేర్లు మిగిలి, ఆ పాలేర్ల పేర్లు మాసిపోవుచున్నవి. మీ సంఘములో ఎనుబది దాటిన పెద్దలుండినయెడల ఈ నెలలోనే వారి యొద్ద కూర్చుండి, మీ ఊరిలో మొదట వచ్చిన కుటుంబము ఎవరిని చూచి వచ్చినదో అడుగుడి. చెప్పిన పేరును, ఇంటిపేరుతో సహా, సంఘపు పుస్తకములో వ్రాయించుడి.