మన్రోలప్ప జ్యూరీ

ఈమధ్య కొన్ని లా కాలేజీల్లో ఒక పద్ధతి నడుస్తోంది. రెండు దేశాల విద్యార్థులు ఆన్‌లైన్‌లో కలుస్తారు. ఒకే తగాదాను ముందు పెట్టుకుని మీ చట్టం ఏమంటుంది, మా చట్టం ఏమంటుంది అని బేరీజు వేసుకుంటారు. స్క్రీను కొత్తదే. ఆ బేరీజు మాత్రం మా కడప జిల్లాకి పాతదే. ఓడలో ఉత్తరం చేరడానికి నెలలు పట్టే కాలంలోనే ఇక్కడి పల్లె పంచాయితీని, ఇంగ్లండు జ్యూరీని పక్కపక్కన పెట్టి చూశారు.

చూసినవాడు థామస్ మన్రో. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి దత్తం చేశాక ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. సిపాయిగా ఇండియాకి వచ్చినవాడు, లాయరు కాదు. అది మేలే అయిందేమో. కారన్‌వాలిస్ 1793లో బెంగాల్లో పెట్టిన కోర్టుల పద్ధతిని 1802లో మద్రాసుకీ తెచ్చారు. కాగితాలు, ఫీజులు, వకీళ్ళు, రైతుకి అర్థం కాని భాష. ఊళ్ళో పదిమంది ఎరిగిన తగువుని ఎక్కడో కూర్చున్న జడ్జి ఎందుకు తేల్చాలి అన్నది మన్రో వాదన. ఇంగ్లండులో జ్యూరీ ఉన్నట్టే ఇక్కడ పంచాయితీ ఉంది గదా అన్నాడు. 1814లో న్యాయ సంస్కరణల కమిషన్‌కి పెద్దగా తిరిగొచ్చాడు. 1816లో రెగ్యులేషన్లు వచ్చాయి: గ్రామ మునసబు, గ్రామ పంచాయితీ, జిల్లా మున్సిఫు.

పోలిక బాగుంది, కానీ అతుకు కనిపిస్తుంది. జ్యూరీ జరిగిందేమిటో చెబుతుంది, చట్టమేమిటో జడ్జి చెబుతాడు. మన పంచాయితీలో ఆ విభజన లేదు. జరిగిందీ, ధర్మమూ, ఊరి పరువూ అన్నీ ఒకే అరుగు మీద తేలతాయి. ఇంకో సంగతి, ఇద్దరు కక్షిదారులూ ఒప్పుకుంటేనే 1816 నాటి పంచాయితీ కూర్చుంటుంది. జనం ఒప్పుకోలేదు. ఎక్కువమంది జిల్లా మున్సిఫు దగ్గరికే పోయారు. పంచాయితీ రెగ్యులేషను దాదాపు కాగితం మీదే ఉండిపోయింది.

చరిత్రకారులు దీనికి రకరకాల కారణాలు చెబుతారు. నాకు మాత్రం ఇందులో వింతేం కనపడదు. అరుగు మీద కూర్చునేది ఎవరో, వాళ్ళకి ఎవరు చుట్టాలో, ఎవరికి ఎవరు బాకీనో ఊరందరికీ తెలుసు. దత్తమండలాల్లో అప్పటికి దాదాపు 80 మంది పాళెగాళ్ళు. జమ్మలమడుగు పక్కన గండికోట గోడలు చూసినవాడికి ఊరి పెద్ద మాటంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ముక్కూమొహం తెలియని మున్సిఫే బలహీనుడికి నయం. మన్రో రెండు వ్యవస్థల్ని పోల్చాడు గానీ, ఆ పోలిక జరిగిన గదిలో రైతు లేడు. రైతు తన అభిప్రాయం తర్వాత చెప్పాడు, మున్సిఫు కోర్టు మెట్లెక్కి.

అయినా మన్రో అంటే కోపం లేదు వాళ్ళకి. పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. పులివెందుల వైపు, వేంపల్లె దగ్గర పాపాఘ్ని ఒడ్డున గండిలో ఆయనకి బంగారు తోరణం కనపడిందనీ, అది కనపడ్డవాడు ఎక్కువ కాలం బతకడనీ ఇప్పటికీ చెబుతారు. 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు.

ఈ కథలో అసలు విద్యార్థి ఇంకొకడు. హెయిలీబరీలో చదివి, మద్రాసులో సెయింట్ జార్జి కోట కాలేజీలో తెలుగు నేర్చుకుని, 1820లో కడపకి వచ్చిన సి.పి. బ్రౌన్. వేమన, నిఘంటువు అంటూ ఆయన్ని సాహిత్యం వాళ్ళమే సొంతం చేసుకున్నాం గానీ, 1852 నాటి జిల్లా డిక్షనరీ చూస్తే కచేరీ గుమాస్తా కష్టం తెలిసిన మనిషి కనపడతాడు. అర్జీ, జప్తు, దస్తావేజు, ఫిర్యాదు: తెలుగు రైతు, పారశీక మాట, ఇంగ్లీషు పద్ధతి. అంతకు వెయ్యేళ్ళకి పైగా ముందు ఇదే జిల్లాలో ఎర్రగుడిపాడు శాసనం ‘పన్నస’ భూమికి సాక్షుల్ని తెలుగులోనే చెప్పింది. కేతన మితాక్షరని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. కచేరీ మాత్రం ఆ తెలుగుని అడగలేదు.

ఆ ఆన్‌లైన్ క్లాసుకి నేనైతే ‘రాజీనామా’ అన్న ఒక్క మాట ఇస్తాను. కోర్టులో అది ఇద్దరూ రాజీపడ్డ కాగితం. రెవెన్యూ కచేరీలో, ఈ నేల ఇక సాగు చెయ్యను అని రైతు రాసిచ్చేది. ప్రొద్దుటూరు పక్క పల్లెలో ఒక రైతుని ఊహించుకోండి. వాన లేదు, శిస్తు కట్టలేడు. కరణం రాస్తాడు, రైతు నిశాని పెడతాడు. అతను రాజీపడ్డాడా, వదులుకున్నాడా, వదులుకునేలా చేశారా? బెర్లిన్ విద్యార్థీ, కడప విద్యార్థీ ఇద్దరూ జవాబు రాయాలి. కాగితం తెలుగులో ఉంటుంది కాబట్టి, ముందు కడప పిల్ల చదివి వినిపించాలి.