పశువులున్న పొలంలో నేల గట్టిపడకుండా ఏం చేయాలి?

పంటతో పాటు పశువులు, గొర్రెలు, మేకలు ఉన్న రైతుకు ఎరువు ఇంట్లోనే దొరుకుతుంది. ఆ ఎరువు నేలను గుల్లబరుస్తుంది, తేమను పట్టి ఉంచుతుంది. కానీ అవే పశువులు తడి నేలలో తిరిగితే గిట్టల ఒత్తిడికి నేల అణిగిపోతుంది. అందుకే పశువులను పొలంలోకి ఎప్పుడు వదలాలో తెలుసుకోవడం ముఖ్యం.

నేల అణిగితే నష్టం ఏమిటి?

మట్టి రేణువుల మధ్య ఉండే ఖాళీల్లోనే గాలి, నీరు ఉంటాయి. నేల అణిగితే ఆ ఖాళీలు మూసుకుపోతాయి. వాన నీరు ఇంకక నిలిచిపోతుంది లేదా మట్టిని కోసుకుంటూ బయటికి పోతుంది. వేర్లు లోతుకు దిగక పక్కకు వంగుతాయి. నాలుగు రోజులు వాన లేకపోతే పైరు వాడిపోతుంది. పశువుల తొక్కిడి ప్రభావం ఎక్కువగా పై 2 నుంచి 4 అంగుళాల్లో కనిపిస్తుంది. నల్లరేగడి నేలలు ఎండి పగుళ్లిచ్చినప్పుడు కొంతవరకు తిరిగి గుల్లబారతాయి. ఎర్ర నేలలకు ఆ వీలు తక్కువ కాబట్టి అక్కడ మరింత జాగ్రత్త అవసరం.

పొలంలోనే పరీక్షించుకోండి

• తేమ: 4 అంగుళాల లోతు మట్టిని అరచేతిలో నలిపి పుల్లలా చేయండి. సన్నని పుల్లలా సాగితే పశువులను వదలకూడదు. పొడిపొడిగా విడిపోతే వదలవచ్చు. బాగా ఇసుక నేలలకు ఈ పరీక్ష పనికిరాదు.
• గట్టిదనం: వాన పడిన రెండు రోజులకు ఇనుప చువ్వను నేలలోకి గుచ్చండి. గట్టు మీద చెట్టు కింద కూడా గుచ్చి తేడా చూడండి.
• మట్టి కట్టుబాటు: ఎండిన మట్టిగడ్డను గ్లాసు నీళ్లలో వేయండి. వెంటనే కరిగి నీరు బురదయితే నేలలో సేంద్రియ పదార్థం తగ్గిందని అనుమానించాలి.

పాటించాల్సిన పద్ధతులు

1. వాన పడ్డాక, తడి పెట్టాక నేల ఆరేవరకు పశువులను కొట్టంలోనే ఉంచి మేత కోసి వేయాలి.
2. గొర్రెల మందను వేసవిలో, నేల పొడిగా ఉన్నప్పుడు కట్టించుకోవాలి. ఒకేచోట ఎక్కువ రాత్రులు ఉంచకుండా జాగా మార్చాలి. తర్వాత తేలికగా దున్ని పెంటికలను మట్టిలో కలపాలి.
3. కోత తర్వాత మోళ్లు, ఆకులు పూర్తిగా మేపేయకుండా కొంత నేలపై వదలాలి. అది వాన చినుకుల దెబ్బ నుంచి నేలను కాపాడుతుంది.
4. మెట్ట పంటలకు ఎకరాకు 4 టన్నుల బాగా మాగిన పశువుల ఎరువు వేసి ఆఖరి దుక్కిలో కలియదున్నాలి. పచ్చి పేడ వేస్తే చెదలు, కలుపు పెరుగుతాయి.
5. వరి కోసిన మాగాణిలో పిల్లిపెసర వేసుకుంటే ఒక కోత మేతకు వస్తుంది. మళ్లీ చిగిర్చిన పైరును నేలలో కలియదున్నవచ్చు.

లోతున గట్టి పొర ఏర్పడితే వేసవిలో నేల పొడిగా ఉన్నప్పుడు ఉలినాగలితో దున్నాలి. తడి నేలలో దున్నితే పొర పగలదు. దున్నాక కంది లాంటి లోతు వేరు పంట వేసుకోవాలి. ఆ తర్వాత కూడా తడి నేలలో పశువులను తిప్పినా, ట్రాక్టర్ నడిపినా నేల మళ్లీ అణిగిపోతుంది. దుక్కికి పెట్టిన ఖర్చు వృథా అవుతుంది.