కంటి వెనక చెట్టు

ఊరందరి ముఖాలూ చూసే కన్ను, తన లోపల ఏముందో మాత్రం చూసుకోలేదు. పోనీ ఎదుటివాళ్లు తొంగి చూద్దామా అంటే, కంటిపాప చీకటిగదిలా నల్లగా కనిపిస్తుంది. ఆ గదిలో దీపం పెట్టిన కథ భలే ముచ్చటగా ఉంటుందండీ.

1819లో పుర్కిన్యే అనే చెక్ యువకుడు, కంటి పక్కన దీపాన్ని అటూ ఇటూ కదిలిస్తే ఎదురుగా కొమ్మలూ రెమ్మలూ వేసిన చెట్టొకటి కనబడుతుందని వర్ణించాడు. అది తన రెటీనా మీది రక్తనాళాల నీడే! ఒకరి కంటిలోని చెట్టును మరొకరు చూసే ఉపాయం 1850లో జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్‌కు తట్టింది. అదే ఆఫ్తాల్మోస్కోపు.

ఆ చెట్టులో రక్తం పారే తీరును ఫొటో తీసినవాళ్లు పెద్ద పెద్ద ప్రొఫెసర్లు కారు. 1959లో అమెరికాలోని ఇండియానాలో వైద్యం చదువుతున్న ఇద్దరు కుర్రాళ్లు, నొవాట్నీ, ఆల్విస్. ఫ్లోరెసిన్ అనే రంగును చేతి నరంలోకి ఎక్కించి, నీలి వెలుగులో కంటి ఫొటో తీద్దామనుకున్నారు. మరి సూది ఎవరు పొడిపించుకోవాలి? బొమ్మా బొరుసా వేశారు. ఆల్విస్ ఓడి చెయ్యి చాపాడు. వాళ్ల వ్యాసాన్ని కంటివైద్యుల పత్రిక తిప్పి పంపేస్తే, 1961లో రక్తప్రసరణ గురించిన పత్రిక అచ్చు వేసింది. ఆ తర్వాత లోకమంతా ఆ పరీక్షనే పట్టుకుంది.

ఇంత గొడవ మనకెందుకంటారా? రెటీనా నడిబొడ్డున మాక్యులా అనే చోటుంది. అక్షరం చదవాలన్నా, సూదిలో దారం ఎక్కించాలన్నా అదే దిక్కు. వయసు మీద పడ్డాక కొందరికి దానిమీద, పాలమీద మీగడలా, పల్చని పొర కడుతుంది. ఇది శుక్లం కాదు సుమండీ. ఆ పొర ముందుంటుంది, ఈ పొర వెనకుంటుంది. మీగడ ముడతపడ్డట్టు ఇది ముడుచుకుంటే కింద రెటీనా కూడా ముడుచుకుంటుంది. అప్పుడు తిన్నని గీత వంకరగా కనబడుతుంది. మా పిన్నికి అలాగే అయింది. కొత్త తలుపు చట్రం వంకర పెట్టాడని వడ్రంగిని నానా మాటలూ అంది పాపం!

ఈ పొరను తియ్యడానికి దారి వేసినవాడు రాబర్ట్ మాకెమర్. కంట్లోని జిగురు పదార్థాన్ని కోసి పీల్చే పనిముట్టును ముందు కోడిగుడ్డు తెల్లసొన మీద పరీక్షించి చూశాడు. 1970లో అమెరికాలోని మయామీలో మనిషి కంటికి ఆ శస్త్రచికిత్స చేశాడు. ఆ తోవనే తర్వాత సన్నని పట్టకారుతో పొరను ఒలిచే పద్ధతీ వచ్చింది.

పొర పోయింది కదా, కట్టు విప్పగానే గీతలన్నీ తిన్నగా కనిపించాలి కదా అనుకుంటాం. అలా జరగదు. చూపు నెలల మీద, మెల్లమెల్లగా తేరుకుంటుంది. కొందరికి కాస్త వంకర మిగిలే ఉంటుంది. ఎందుకనేది చూపించడానికి ఇప్పుడు రంగూ సూదీ అక్కర్లేని ఫొటోలు వచ్చాయి. 1991లో వెలుగుతో రెటీనా పొరలను చూపే ఓసీటీ వచ్చింది. 2010 తర్వాత అదే యంత్రం కదిలే రక్తకణాల ఆధారంగా సన్నని నాళాలను కూడా చూపడం నేర్చింది. మాక్యులా నడుమ దాదాపు అర మిల్లీమీటరు మేర, చెట్టు నడుమ ఖాళీ జాగాలాగా, రక్తనాళాలు లేని చోటుంటుంది. పొర లాగినప్పుడు చుట్టూ ఉన్న నాళాలు అందులోకి జరిగి ఆ జాగా ఇరుకవుతుంది. పొర తీశాక కొంత విప్పారినా, చాలామందిలో మునుపటంత కాదు.

అంచేత ఆపరేషనయిన అమ్మనో అత్తగారినో మూడోవారమే "ఇంకా కనబడదేం?" అని నిలదీయకండి. ఫొటో ఎంత బాగా వచ్చినా, గీత తిన్నగా ఉందో లేదో చెప్పగలిగేది ఆ కన్నున్న మనిషే. ఎవరైనా ఇంట్లో "కిటికీ ఊచలు వంగినట్టున్నాయే" అంటే నవ్వేసి ఊరుకోకండి. ఒక్కో కన్నూ మూసి చూడమనండి. ఒక కంటికి వంగి, రెండో కంటికి తిన్నగా కనిపిస్తే, తప్పు ఊచలది కాదు. ఆలస్యం చెయ్యకుండా కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.